ముందస్తు లాంఛనాలు

తన అంత్యక్రియలకు తప్పక హాజరు కావలసిందని ప్రభుత్వం దగ్గర్నుంచి తాఖీదు వచ్చేసరికి హవల్దార్ యర్రంశెట్టి పోతురాజు అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు.

చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం విప్పాడు. "పై విషయమై తమరికి తెలియజేయునది ఏమనగా, తమరు అధికార లాంఛనాలతో దహనమగుటకు అర్హులని నిర్ధారించడమైనది. కావున తమరి లాంఛనాల రిహార్సల్‌కు తమరు స్వయముగా, శుభ్రమైన దుస్తులతో హాజరు కావలెను. గైర్హాజరైన యెడల తదుపరి తమరి మరణమునకు ఈ కార్యాలయము బాధ్యత వహించజాలదు."

"ఏంటంటండీ?" అని లోపల్నుంచి అడిగింది భార్య సత్యవేణి.

"ఏం లేదే. నేను పోయినప్పుడు ఎలా ఉంటానో ఓసారి చూపించమంటున్నారు."

"చూపిద్దురుగాని లెండి. రెండో అట్టు పొయ్యి మీదుంది, అది తినేసి మరీ వెళ్ళండి."

ఈ ముచ్చట ఎందుకొచ్చిందో చెప్పాలి. కిందటి నెల జిల్లా కేంద్రంలో ఒక పెద్దమనిషి పోయాడు. బతికున్న రోజుల్లో మూడు శాఖలు ఏలినవాడు కనక అధికార లాంఛనాలతో సాగనంపుదామనుకున్నారు. పదిమంది పోలీసులు తుపాకులు ఆకాశంలోకి ఎత్తారు. ఆర్డరు పడింది. తొమ్మిది తుపాకులు టిక్కుమన్నాయి. పదోది అదీ అనలేదు. అందరూ తలలు దించుకుని మౌనం పాటిస్తున్న వేళ, అర నిమిషం ఆలస్యంగా, అది ఒక్కటే ఢామ్మంది. బ్రహ్మగారి చేతిలో కుండ జారింది. వచ్చినవాళ్ళలో సగంమంది కార్ల కింద దూరారు. టీవీల వాళ్ళు ఆ ముక్కని సాయంత్రం దాకా తిప్పితిప్పి చూపించారు.

రాజు తలుచుకుంటే దెబ్బలకి కొదవా? వెంటనే ఏకసభ్య కమిటీ వేశారు. కమిటీ పదకొండు రోజులు కూర్చుని రెండొందల పేజీల నివేదిక రాసింది. దాని సారాంశం ఏమిటంటే తుపాకుల తప్పు లేదు, కాల్చినవాళ్ళ తప్పు లేదు, తుపాకులు దాచినవాళ్ళ తప్పు అసలే లేదు. తప్పంతా పోయినాయనది. ముందస్తు సమాచారం ఇవ్వకుండా పోయాడు. సమాచారం లేక రిహార్సల్ జరగలేదు, రిహార్సల్ జరగక తుపాకులు పేలలేదు.

ఆ నివేదిక మీదట పుట్టిందే ముందస్తు లాంఛనాల ఉత్తర్వు. జిల్లాకో ప్రత్యేకాధికారిని వేశారు. ఈ జిల్లాకి వచ్చినాయన అయినవోలు హయగ్రీవరావు గారు. అంతకుముందు ఆయన చేపపిల్లల పంపిణీ చూసేవారు. ప్రాణమున్న సరుకుతో వేగడం కష్టంగా ఉందని ఈ కుర్చీ కోరి వేయించుకున్నారు.

సోమవారం నాడు పోతురాజు కలెక్టరాఫీసుకి వెళ్ళాడు. అక్కడ అతన్ని ఎరగని బల్ల లేదు. ఏళ్ళ తరబడి సోమవారం సోమవారం ఒకే అర్జీ పట్టుకుని వస్తున్నాడు. అర్జీ తనకోసం కాదు, గూడపాటి దేవదానం కోసం.

పోతురాజు ఊరు కందులపర్రు. ఇంటికొకడు పటాలానికి పోయిన ఊరు. పంచాయతీ ఆఫీసు ముందు నల్లరాయి మీద, యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు పదకొండు చెక్కి ఉన్నాయి. పన్నెండోది ఉండాలి. దేవదానం, పోతురాజు ఒకే రోజున పటాలంలో చేరారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఒక ఏరు దాటాల్సి వచ్చింది. పోతురాజుకి ఈత రాదు. కాలవగట్టున పుట్టిన దేవదానం అతన్ని వీపుమీద వేసుకుని అవతలి ఒడ్డున దింపాడు. మళ్ళీ వెళ్ళి ఇంకొకణ్ణి తెచ్చాడు. మూడోసారి వెళ్ళాడు, రాలేదు. కాగితాల్లో "కనబడుట లేదు" అని రాశారు. యాభై నాలుగేళ్ళయినా ఆ మాట అలాగే ఉంది. కనబడనివాడు చచ్చిపోయినట్టు కాదట, చచ్చిపోనివాడి పేరు రాయి మీద చెక్కరట.

"రండి, ఆసీనులు కండి," అన్నారు హయగ్రీవరావు గారు. "తమరు లాంఛనార్హులేనా?"

"ఆయ్. తాఖీదులో అలాగే రాశారండి."

"శుభం. కార్యక్రమం ఉజ్జాయింపుగా ఎప్పుడు పెట్టుకున్నారు?"

"ఏ కార్యక్రమం అండి?"

"మరణం."

"ఇంకా ఏవీ అనుకోలేదండి."

హయగ్రీవరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇదీ మన ప్రజల్లోని ప్రణాళికా లోపం. కూతురి పెళ్ళికి ఆరునెలల ముందు ముహూర్తం పెట్టుకుంటారు. దీనికి మటుకు చెప్పాపెట్టకుండా పోతారు. మూడు వారాల ముందు తెలియపరచకపోతే యంత్రాంగం ఎలా సమాయత్తం కావాలి? సరే, తేదీ గడిలో 'త్వరలో' అని వేయండి."

ఫారం చేతికిచ్చారు. ముప్పై ఒక్క గడులు. పద్నాలుగో గడి: మరణానంతరం సంప్రదించవలసిన ఫోన్ నంబరు, స్వంతది. పంతొమ్మిదో గడి: ఇంతకుముందు ఎన్నడైనా మరణించియున్నారా, అయినచో వివరములు.

"ఇవన్నీ చదవడానికి తమకి తీరికెక్కడిదండి?" అన్నాడు పోతురాజు జాలిగా.

"చదవడమా?" హయగ్రీవరావు గారు నొచ్చుకున్నారు. "మేము గడులు ఖాళీగా ఉన్నవా లేవా అన్నదే పరిశీలిస్తాము. లోపల ఏమి రాశారో చదవడం మొదలుపెడితే పరిపాలన స్తంభించిపోదూ?"

ఇంతలో రిజర్వు ఎస్సై గంధం ఏడుకొండలు వచ్చి సెల్యూట్ కొట్టాడు. కిందటి నెల పరువు తీసిన పది తుపాకులూ అతని చేతికింద మనుషులవే. అప్పట్నుంచీ మనిషి సగమయ్యాడు.

"సార్, రిహార్సల్‌కి తూటాలివ్వనంటున్నారండి గోడౌన్లో. అసలు లాంఛనానికైతేనే ఇత్తారంట. ఉత్తుత్తి దానికి ఇచ్చే రూలు లేదంటండి."

"అయితే అసలు లాంఛనమనే రాసి తెప్పించండి. రిహార్సల్ అన్నది మన నోటిమాటగా ఉండనీయండి."

"కాయితం మీద అసలుదేనాండి మరి?"

"కాగితం మీద ఎప్పుడూ అసలుదే ఉండాలి, ఎస్సై గారూ."

ఏడుకొండలు వెళ్ళాక పోతురాజు జేబులోంచి తన పాత అర్జీ తీశాడు. హయగ్రీవరావు గారు దాన్ని ముట్టుకోకుండానే చూశారు.

"ఈ దేవదానం గారు కనబడుట లేదు కదా. కనబడితే సజీవులు, రిహార్సల్‌కి నిరభ్యంతరంగా రావచ్చు. కనబడకపోతే మృతులని మేమెలా నిర్ణయిస్తాం? ఎక్కడికో వెళ్ళారు, వస్తారేమో."

"యాభై నాలుగేళ్ళయిందండి."

"ప్రభుత్వ దృష్టిలో అది జాప్యం మాత్రమే."

పోతురాజు అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. ఇంటికి పోబుద్ధి కాలేదు. ఫారంతోబాటు ఇచ్చిన ఉత్తర్వు ఇరవై రెండు పేజీలు చేతిలో ఉంది. ఆర్డరు చేతికొస్తే ఆఖరి చుక్క దాకా చదవాలన్నది పటాలంలో అతను నేర్చుకున్న చదువు. చదవడం మొదలెట్టాడు. జిల్లా మొత్తంమీద ఆ ఉత్తర్వుని పూర్తిగా చదివిన మనిషి అతనొక్కడే.

యుద్ధంలో పాల్గొన్న ప్రతి సైనికుడూ లాంఛనార్హుడే అని రెండో పేజీలో ఉంది. లాంఛనార్హుడు ఏ కారణం చేతనైనా రాలేనిచో అతనితో సమానమైన ఎత్తు గల ప్రతినిధి ఆ స్థానమున శయనించవచ్చునని పన్నెండో పేజీలో ఉంది. పోతురాజు అక్కడ ఆగాడు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. లాంఛనాలు జరిగిన ప్రతి ఒక్కరి పేరూ ముప్పై రోజుల్లోగా స్వగ్రామ శిలాఫలకంపై విధిగా చెక్కించవలెను. గ్రామానికి ఏడాదికి ఒక్కరికే అవకాశం. ఇంతా రాసిన మహానుభావులు ఒక్క ముక్క మరిచిపోయారు. ఆ మనిషి పోయాడో లేదో ఎక్కడా అడగలేదు. ముందస్తు లాంఛనాలు కదా, పోయుండడని ధీమా.

పోతురాజు పక్కనున్నాయన దగ్గర కలం అడిగి పుచ్చుకున్నాడు. లాంఛనార్హుని పేరు: గూడపాటి దేవదానం. ప్రతినిధి పేరు: యర్రంశెట్టి పోతురాజు. ఎత్తు: ఇద్దరిదీ అయిదడుగుల పదకొండంగుళాలు. అది అబద్ధం కాదు. చేరిన రోజున ఇద్దర్నీ ఒకే కొలబద్దకి నిలబెట్టారు, గీత జరపలేదు. ఇంతకుముందు మరణించియున్నారా అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది. "ప్రభుత్వానికే తెలియాలి" అని రాశాడు. రాని కారణం అన్నచోట "దూరంలో ఉన్నాడు" అని రాశాడు. సమీప బంధువు గడిలో దేవదానం చెల్లెలి పేరు వేశాడు.

గుమస్తా ఫారం పుచ్చుకుని గడులన్నీ వేలితో లెక్కపెట్టాడు. ముప్పై ఒకటీ నిండి ఉన్నాయి. ముద్ర కొట్టాడు.

ఆ సాయంత్రం పోతురాజు పేటకి వెళ్ళి సువార్తమ్మ గుమ్మంలో కూర్చున్నాడు. దేవదానానికి ఆవిడ ఒక్కతే చెల్లెలు. డెబ్బై అయిదు దాటాయి. పోతురాజుని "అన్నయ్యా" అని పిలుస్తుంది. ఆ పిలుపు గిట్టనివాళ్ళు ఒకప్పుడు ఊళ్ళో ఉండేవారు. వాళ్ళంతా పోయారు, పిలుపు మిగిలింది.

అంతా విని ఆవిడ నోరు నొక్కుకుంది. "బతికున్న మడిసివి పాడెక్కుతావా అన్నయ్యా? అసుబం కాదూ?"

"వాడు నన్ను వీపుమీద మోశాడమ్మా. వాడి బదులు కాసేపు పడుకోడానికేం?"

"మరి రేపు నీకు?"

"ఊరికి ఏడాదికి ఒకటేనంట. నాకెందుకే? నేను పోతే ఇక్కడే పోతాను. నలుగురికీ కనబడేట్టు."

సత్యవేణికీ చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ విని, "అయితే జెండా నాకివ్వరన్నమాట," అంది. తర్వాత కత్తిపీట పక్కకి నెట్టి, "పోన్లెండి. జెండా ఏం చేసుకుంటాను, మీరుండగా," అంది.

గురువారం పొద్దున్న పదింటికి కందులపర్రు హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. కుర్చీలు, నీళ్ళ సీసాలు, పరిశీలకులు ముగ్గురు, కలెక్టరు గారి తరఫున వీడియో తీసే మనిషి ఒకడు. పాడె పై ఆఫీసునుంచి వచ్చింది. రాష్ట్రమంతా ఒకటే సైజు, నాలుగున్నర అడుగులు. పోతురాజు పడుకుంటే కాళ్ళు మోకాలి కిందనుంచి బయటికొచ్చాయి.

"కొంచెం ముడుచుకోగలరా?" అన్నారు హయగ్రీవరావు గారు.

"పోయినవాడు ముడుచుకోడండి."

"నిజమే. పరిశీలకులు నమోదు చేసుకోండి. శవము పొడవు అధికము."

మీద జెండా కప్పారు. బంతిపూల దండ వేశారు. దండలో చీమలున్నాయి. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ, పూలు కప్పిన పోతురాజుని చూసి పట్టలేక గొల్లుమంది. ఆవిడ వెనక పదిమంది అందుకున్నారు. సత్యవేణి కసిరింది. "ఏడుపెందుకే? పొద్దున్న మూడు అట్లు తిన్నారు." అంటూనే కొంగుతో తనూ కళ్ళు ఒత్తుకుంది. పాడె మీదున్నవాణ్ణి చూస్తే తెలిసినా ఆగదు మనసు.

బాకా ఊదేవాడు సెలవులో ఉన్నాడు. బదులుగా ఏడుకొండలు ఫోన్లోంచి ఆ రాగం పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాడు. సరిగ్గా అందరూ తలలు దించాక అతనికి ఇంటినుంచి ఫోనొచ్చింది. మైకులోంచి, "వచ్చేటప్పుడు అరకిలో చింతపండు పట్రండి, బూజు పట్టనిది," అని మైదానమంతా వినబడింది. పరిశీలకులు అదీ రాసుకున్నారు. ముక్కు మీద చీమ కుట్టి పోతురాజు తుమ్మాడు. "శవం కదలరాదు," అన్నారు హయగ్రీవరావు గారు మైకులోనే.

"ఎయిమ్!" అన్నాడు ఏడుకొండలు. పది తుపాకులు లేచాయి. "ఫైర్!"

పదీ టిక్కుమన్నాయి.

ఏడుకొండలు మొహం చూస్తే పాడె అతనికే కావాలన్నట్టుంది. మళ్ళీ ఆర్డరిచ్చాడు. మళ్ళీ టిక్కు. మూడోసారి ఒకడి చేతిలో తుపాకీ పట్టు ఊడి వచ్చింది.

ఇక పోతురాజు వల్ల కాలేదు. చావునైనా ఓర్చుకుంటాడు గాని తుపాకీని అలా పట్టుకుంటే ఓర్చుకోలేడు. దండ పక్కన పెట్టి, జెండా మర్యాదగా మడిచి, పాడె దిగాడు.

"ఏవిటయ్యా ఆ పట్టుకోవడం? చీపురా అది?" అంటూ మొదటివాడి చేతిలోది లాక్కుని బోల్టు లాగాడు. లోపల గ్రీజు ఎండి పెచ్చులు కట్టి ఉంది. "ఎన్నాళ్ళయింది దీన్ని తుడిచి?"

"నేను సర్వీసులో చేరాక తుడవలేదండి," అన్నాడా పోలీసు నిజాయితీగా.

"కిరసనాయిలు, పాతగుడ్డ పట్రండి ఎవరైనా!"

గంటసేపు మైదానంలో శవం పోలీసులకి పాఠం చెప్పింది. పది తుపాకులూ విప్పించాడు, తుడిపించాడు, బిగించాడు. భుజానికి ఎలా ఆనించాలో ఒక్కొక్కడికీ చూపించాడు. హయగ్రీవరావు గారు ఉత్తర్వు తిరగేశారు గాని, లాంఛనార్హుడు మధ్యలో లేచినచో ఏమి చేయవలెనన్నది అందులో లేదు. పరిశీలకుల్లో ఒకాయన "మృతుడు సహకరించెను" అని రాశాడు.

పోతురాజు మళ్ళీ పాడె ఎక్కి పడుకున్నాడు. "నేను కళ్ళు మూసుకున్నాక ఇవ్వు బాబూ ఆర్డరు," అన్నాడు ఏడుకొండలుతో.

ఈసారి పది తుపాకులూ ఒక్కటై పేలాయి. చెట్ల మీద కాకులన్నీ లేచాయి. రెండోసారి. మూడోసారి. ఒక్క తూటా వెనకబడలేదు. కళ్ళు మూసుకున్న పోతురాజుకి ఆ ఏరు కనబడింది, చలి కనబడింది, దాటి వచ్చిన ఒడ్డుకేసి మూడోసారి ఈదుతున్న నల్లటి భుజాలు కనబడ్డాయి. ఒరేయ్ దానం, వినబడిందా, నీకేరా, అనుకున్నాడు. శవం కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. దాన్ని మాత్రం ఎవరూ నమోదు చేయలేదు.

జనం చప్పట్లు కొట్టారు. హయగ్రీవరావు గారి ఫోను మోగింది. వీడియో చూసిన కలెక్టరు గారి అభినందనలు. రాష్ట్రంలోనే మొట్టమొదటి విజయవంతమైన లాంఛనమట. ఆయన ఛాతీ పొంగింది. ఫారం తెప్పించుకుని, మైకు పుచ్చుకుని, ఆ రోజు మొదటిసారిగా అందులో ఒక గడి చదివారు.

"జాతీయ పతాకాన్ని స్వీకరించుటకు సమీప బంధువు, చెల్లెలు, గూడపాటి సువార్తమ్మ గారు వేదిక వద్దకు రావలెను."

సత్యవేణి కదల్లేదు. వెనక వరసలోంచి సువార్తమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. రెండు చేతులూ చాపి జెండా తీసుకుని గుండెకి ఆనించుకుంది. అప్పుడు హయగ్రీవరావు గారు పై గడి చదివారు. ఆ పై గడి చదివారు. మైకు ఆపి పోతురాజుని పక్కకి లాక్కెళ్ళారు.

"ఏమిటండీ ఇది?"

"ఫారమండి. ఖాళీలేం లేవు."

"ఇది రద్దు! ఇది ఉత్తుత్తి రిహార్సల్!"

"కాయితం మీద అసలుదేనండి," అన్నాడు వెనకనుంచి ఏడుకొండలు నెమ్మదిగా. "తూటాలు ముప్పైయ్యీ అసలుకే తెచ్చాం. తమరే రాయించారు."

హయగ్రీవరావు గారు ఆలోచించారు. రద్దు చేస్తే ముప్పై తూటాలు ఎవరికోసం పేలాయో రాయాలి. రాష్ట్రంలో మొట్టమొదటి విజయం జరగలేదని రాయాలి. గడులు చదవలేదని రాయాలి. పేలిన తూటాని గొట్టంలోకి తిరిగి పంపే ఫారం ఇంకా అచ్చవలేదు. ఆయన సువార్తమ్మకేసి చూశారు. ఆవిడ జెండాని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికీ ఏదో నిబంధన ఉండే ఉంటుంది. ఆయన దానికోసం వెతకలేదు.

"మీ అర్జీలో రాసిన ఆ ఏటి దగ్గర ఎంతమందిని దాటించాడండీ ఆయన?" అని అడిగారు, ఆఫీసు భాష మరిచిపోయి.

"ఇద్దర్నండి. నేనొకణ్ణి."

హయగ్రీవరావు గారు రిజిస్టరు తెరిచి, "గూడపాటి దేవదానం, కందులపర్రు. లాంఛనములు సక్రమముగా జరిగినవి. మృతుడు సహకరించెను," అని రాసి సంతకం పెట్టారు. ప్రభుత్వం ఆ మనిషిని యాభై నాలుగేళ్ళ తర్వాత మృతుడన్నది అదే మొదలు.

ఇరవై తొమ్మిదో రోజున రాయి చెక్కేవాళ్ళు వచ్చారు. సాయంత్రానికి పన్నెండో పేరు తయారైంది. సువార్తమ్మకి చదువు రాదు. "ఇందులో మావోడెక్కడ అన్నయ్యా?" అంది. పోతురాజు ఆవిడ వేలు పట్టుకుని కొత్తగా చెక్కిన గుంటల్లో పెట్టాడు. ఆవిడ ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ చివర సున్నా దాకా వెళ్ళి, అక్కడ చుట్టూ రెండుసార్లు తిప్పింది. వేలికంటిన రాతిపొడి తుడుచుకోలేదు.

పోతురాజు జేబులో ఆ పొద్దున్న వచ్చిన కొత్త తాఖీదు ఉంది. "తమరి గ్రామమునకు కేటాయించిన లాంఛనము ఈ ఏడాదికి వినియోగమైనది. కావున తమరి మరణమును ఏప్రిల్ ఒకటో తేదీ వరకు వాయిదా వేసుకొనవలసినదిగా కోరడమైనది. ఈ ఆదేశమును ఉల్లంఘించిన యెడల తగు చర్య తీసుకొనబడును."

"ఇంక మనం ఎప్పుడు పోయినా పర్లేదన్నయ్యా," అంది సువార్తమ్మ, రాయి మీదనుంచి చెయ్యి తీయకుండా.

"నువ్వెళ్ళమ్మా," అన్నాడు పోతురాజు. "నాకు ఏప్రిల్ దాకా పర్మిషన్ లేదు."